డాక్టరు ముట్టుకోకుండా వదిలిన చోటు

(ఆదివారం మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఈ ఆదివారం మాట్లాడమని మన కార్యక్రమం నడిపే అక్కగారు అడిగినప్పుడు, దేని గురించి మాట్లాడతానో ఆవిడకి ముందే చెప్పాను. ఫోనులో కాసేపు మాట వినిపించలేదు. తరవాత, "మరి ఆ మాట రేడియోలో ఎలా అంటావమ్మా?" అన్నారు. "కన్ను, చెయ్యి అన్నట్టే అంటానక్కా" అన్నాను. ఆ మాట రొమ్ము. ఇదిగో, అనేశాను. కార్లో పిల్లలుంటే రేడియో కట్టెయ్యకండి. వాళ్ళు వినకూడనిది ఇందులో ఏమీ లేదు.

ముందుగా నా సంగతి. నేను డాక్టర్ని కాను. హ్యూస్టన్‌లో ఐటీ కన్సల్టెంటుగా పనిచేస్తున్నాను. పెద్ద కంపెనీల్లో ఇరవై, ముప్పై ఏళ్ళ నాటి సాఫ్ట్‌వేరుని కొత్త సిస్టముల్లోకి మార్చడం నా పని. నేను ఎమ్మెస్ చేసింది కంప్యూటర్ సైన్సులో. కాబట్టి నేను చెప్పేది వైద్య సలహాగా తీసుకోకండి. తన ఒంటి మీద కత్తి పడే ముందు ఒక పేషెంటు చదివి, అడిగి, తెలుసుకున్న సంగతులు, అంతే.

కథ 1993 సంక్రాంతికి ముందు మొదలవుతుంది. నాకు నాలుగేళ్ళు. తెనాలి దగ్గర మా అమ్మమ్మగారింట్లో ఉన్నాం. అమ్మ అన్నం వార్చి, గంజి గిన్నె అరుగు అంచున పెట్టి అటు తిరిగింది. నేను ఆ గిన్నె పట్టుకుని లాగాను. కుడివైపు మెడ కింద నుంచి పొట్ట దాకా కాలింది. మామూలు వేడినీళ్ళయితే జారిపోతాయి. గంజి చిక్కన కదా, ఒంటిని పట్టుకుని ఉండిపోయి లోతుగా కాలుస్తుంది. ఎవరో పరిగెత్తుకొచ్చి సిరా పోశారట. ఎవరో ఇడ్లీ పిండి రాశారట. పాపం, అందరూ మంచికే చేశారు.

గుంటూరులో ఆసుపత్రిలో నెల పైన ఉన్నాం. చచ్చిపోయిన చర్మాన్ని కొంచెం కొంచెంగా తీసేస్తూ ఉండేవారు. ఒకరోజు పెద్ద డాక్టరు గారు పక్కనున్న కుర్ర డాక్టర్లకి ఇంగ్లీషులో ఏదో చెప్పి, అమ్మ వైపు తిరిగి, "ఈ రూపాయి బిళ్ళంత చోటు మాత్రం మేం గీకడం లేదమ్మా. ఇక్కడ మానడం ఆలస్యమవుతుంది. అయినా వదిలేస్తున్నాం. పిల్ల పెద్దయ్యాక దీని పని ఉంది" అన్నారట.

అమ్మకి అది అర్థం కాలేదు. పని సగంలో వదిలేశారనుకుంది. పాతికేళ్ళు అలాగే అనుకుంది.

నేను ఈడేరే వయసు వచ్చేసరికి ఎడమవైపు మామూలుగా పెరిగింది. కుడివైపు మచ్చ బిగుసుకుని బల్లపరుపుగా ఉండిపోయింది. జాకెట్లు కుట్టించుకోవడానికి వెళితే టైలరుతో నేను మాట్లాడేదాన్ని కాదు. అమ్మే వచ్చి, కుడివైపు లోపల నాలుగు మడతల గుడ్డ వేసి కుట్టమని గొంతు తగ్గించి చెప్పేది. ఈ విషయం గురించి మా ఇంట్లో జరిగిన మాటలన్నీ ఆ టైలరుతో జరిగినవే. అమ్మా నేనూ ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. ఆవిడకి తప్పు చేశానన్న బాధ. నాకు ఆవిడ ఏడుస్తుందన్న భయం.

ఎమ్మెస్‌కి అమెరికా వచ్చాను. ఉద్యోగం, పెళ్ళి. పెళ్ళికి ముందు మావారికి ఫోనులో చెప్పాను. "నాకు పెద్ద కాలిన మచ్చ ఉంది" అంటే, "దానికేం, మా నాన్నకీ కాలి మీద ఉంది" అన్నాడు. అప్పుడు ఇంకొంచెం వివరంగా చెప్పాల్సి వచ్చింది. అంతా విని, "నొప్పి పెడుతుందా?" అని అడిగాడు. అంతవరకు నన్ను ఎవరూ అలా అడగలేదు.

2018లో పాప పుట్టింది. మూడో రోజు రాత్రి కుడివైపు మచ్చ కింద రాయిలా గట్టిపడింది. ముట్టుకుంటే కాలిపోతోంది. ఇన్‌ఫెక్షన్ అనుకుని హడలిపోయాం. బాలింతలకి పాలివ్వడం నేర్పే నర్సు ఒకావిడ వచ్చి చేత్తో నెమ్మదిగా తడిమి చూసి, "ఇది పాలు" అంది.

పాతికేళ్ళుగా అక్కడ ఏమీ లేదనుకున్నాను. అక్కడ పాలున్నాయి. చనుమొన మచ్చతో మూసుకుపోయింది కాబట్టి బయటికి దారి లేదు. ఐసు పెట్టుకుని, మాత్రలు వేసుకుని వారం రోజులు నొప్పి భరించాను. ఏడ్చాను కూడా. నొప్పికి కొంత, సంతోషానికి కొంత. పాపకి ఎడమవైపే పది నెలలు ఇచ్చాను. ఒకవైపు పాలతోనే బిడ్డ పెరగగలదని ఆ నర్సే చెప్పింది. అవసరమైనప్పుడు డబ్బా పాలు కూడా పట్టాం. దానికి సిగ్గుపడలేదు.

అప్పటి నుంచి చదవడం మొదలుపెట్టాను. ఆడపిల్లలు పుట్టినప్పుడే చనుమొన వెనక ఒక చిన్న మొగ్గలాంటిది ఉంటుంది. దాన్ని రొమ్ము మొగ్గ అనే అంటారు. ఎనిమిదికీ పదమూడుకీ మధ్య హార్మోన్లు పనిచెయ్యడం మొదలుపెట్టగానే అదే పెరిగి రొమ్ము అవుతుంది. పైన చర్మం కాలినా, లోపలి మొగ్గ చాలాసార్లు బతికే ఉంటుంది. చచ్చిన చర్మం తీసే తొందరలో ఆ మొగ్గని కూడా కోసేస్తే ఇక అక్కడ రొమ్ము పెరగదు. తరవాత ఎన్ని ఆపరేషన్లు చేసినా ఆ గ్రంథిని తిరిగి తేలేరు.

హ్యూస్టన్ నుంచి యాభై మైళ్ళు కిందికి వెళితే గాల్వెస్టన్. మనవాళ్ళు వారాంతంలో బీచికి వెళ్ళే ఊరు. అక్కడ 1966 నుంచీ శ్రైనర్స్ వాళ్ళ పిల్లల కాలిన గాయాల ఆసుపత్రి ఉంది. చిన్నప్పుడు చనుమొన దగ్గర కాలిన ఆడపిల్లల్ని పెద్దయ్యేదాకా గమనించి, అక్కడి డాక్టర్లు 1989లో ఒక వ్యాసం ప్రచురించారు. చనుమొన పోయిన పిల్లలకి కూడా కింద రొమ్ము పెరిగిందని, కాకపోతే మచ్చ బిగుసుకుపోవడం వల్ల చాలామందికి దాన్ని విడదీసే ఆపరేషన్ కావాల్సి వచ్చిందని అందులో ఉంది. ఆ వ్యాసం వచ్చిన ఏడాదే నేను పుట్టాను. గుంటూరు డాక్టరు గారు అది చదివారో, అనుభవంతోనే తెలుసుకున్నారో నాకు తెలియదు. ఆయన పేరు కూడా మాకు గుర్తు లేదు. ఆ రూపాయి బిళ్ళంత చోటు మాత్రం నా దగ్గర ఉంది.

2019లో ప్లాస్టిక్ సర్జను దగ్గరికి వెళ్ళాను. నేనయితే ఒక ఇంప్లాంటు పెడతారు, రెండు వైపులా సమానమవుతాయి, పని అయిపోతుంది అనుకున్నాను. ఆయన చాలాసేపు చర్మాన్ని వేళ్ళతో పట్టి చూసి, "ముందు దీన్ని మచ్చలోంచి విడిపిద్దాం. లోపల నీది ఎంత ఉందో చూద్దాం. ఇంకా తక్కువైతే అప్పుడు మాట్లాడదాం" అన్నారు. నా వృత్తిలో కూడా మొదటి పాఠం అదే. పాత సిస్టములో నడుస్తున్న భాగమేదో తెలియకుండా కొత్తది తెచ్చి పెట్టకూడదు.

ఇక్కడ ఇంప్లాంట్ల చరిత్ర కాస్త చెప్పాలి. ఎందుకంటే అది మన ఊరి చరిత్ర. 1962లో హ్యూస్టన్‌లో జెఫర్సన్ డేవిస్ ఆసుపత్రిలో థామస్ క్రోనిన్, ఫ్రాంక్ జెరో అనే డాక్టర్లు మొట్టమొదటి సిలికోన్ జెల్ ఇంప్లాంట్లు పెట్టారు. మన కంప్యూటర్ చిప్పుల సిలికాన్ వేరు, ఈ సిలికోన్ వేరు. ప్లాస్టిక్ సంచీలో ఉన్న రక్తాన్ని చేత్తో నొక్కి చూసినప్పుడు జెరోకి ఆ ఆలోచన వచ్చిందట. మొదట ఎస్మరెల్డా అనే కుక్కకి పెట్టి చూశారు. తరవాత టిమ్మీ జీన్ లిండ్సీ అనే ఆవిడకి పెట్టారు. ఆరుగురు పిల్లల తల్లి. ఆవిడ ఆసుపత్రికి వచ్చింది ఒంటి మీద పచ్చబొట్టు తీయించుకోవడానికి. ఇంప్లాంట్లు పెట్టించుకుంటావా అని డాక్టర్లే అడిగారు. నాకు అంతకన్నా ఈ డొప్ప చెవులు సరిచేయించుకోవాలని ఉంది అందావిడ. అలాగే, రెండూ చేస్తాం అన్నారు. ఇవాళ అమెరికాలో ఏడాదికి సుమారు 3 లక్షల మంది చేయించుకుంటున్న ఆపరేషన్ అలా మొదలైంది.

అంతకు ముందు పద్ధతులు వింటే ఒళ్ళు జలదరిస్తుంది. పారఫిన్ మైనం సూదితో ఎక్కించారు. స్పాంజీలు పెట్టారు. సిలికోన్ ద్రవాన్ని నేరుగా ఒంట్లోకి ఎక్కించారు. అవి గడ్డకట్టి, పక్కకి జారి, మంచి కండని కూడా పాడుచేశాయి. ఆ ముందుకాలంలో ఒక డాక్టరు మాత్రం వేరేగా ఆలోచించాడు. 1895లో జర్మనీలో విన్సెంజ్ చెర్నీ అనే ఆయన, రొమ్ములో గడ్డ తీసేసిన ఒక గాయనికి, ఆవిడ ఒంటి మీదే ఉన్న కొవ్వు కంతిని తెచ్చి ఆ ఖాళీలో పెట్టాడు. అంటే మనిషి సొంత కొవ్వునే వాడాడు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

ఇంప్లాంటు పెట్టేటప్పుడు ఏమేం కోస్తారు? నాకు అన్నిటికన్నా ఉపయోగపడిన ప్రశ్న ఇది. బయట ప్రకటనల్లో ఎంత సైజు పెడతారన్నదే చెబుతారు. దారిలో ఏం తెగుతుందో మనమే అడగాలి.

రొమ్ములో పాలగ్రంథులుంటాయి. వాటి నుంచి నాళాలు చనుమొన వైపు వస్తాయి. చుట్టూ కొవ్వు. వీటన్నిటినీ చర్మానికీ కండరానికీ కట్టి ఉంచే సన్నని పీచులాంటి బంధనాలుంటాయి. 1840లో వాటి గురించి రాసిన ఆస్ట్లీ కూపర్ అనే ఇంగ్లీషు డాక్టరు పేరుతోనే వాటిని ఇప్పటికీ పిలుస్తారు. చనుమొనకి స్పర్శ ఇచ్చే నరాల్లో ముఖ్యమైనది నాలుగో పక్కటెముక దగ్గర నుంచి పక్కగా వస్తుంది.

కోత మామూలుగా మూడు చోట్ల పెడతారు. రొమ్ము కింది మడతలో, చనుమొన చుట్టూ ఉండే నల్లని వలయం అంచున, లేదా చంకలో. వలయం అంచున కోస్తే మచ్చ కనపడదు నిజమే. కానీ అది పాలనాళాలు వెళ్ళే దారి. పిల్లలు కావాలనుకునేవాళ్ళు అక్కడ కోసే ముందు రెండుసార్లు ఆలోచించాలి. పైగా నాళాల్లో మామూలుగా ఉండే బాక్టీరియా ఇంప్లాంటుని తాకే అవకాశం కూడా ఉంది. అందుకే చాలామంది సర్జన్లు కింది మడతకే మొగ్గు చూపుతారు.

రెండో ప్రశ్న, ఇంప్లాంటు ఏ పొర కింద పెడతారు? గ్రంథి కింద, కండరం పైన పెట్టవచ్చు. అప్పుడు కండరం తెగదు, నొప్పి తక్కువ. కానీ పైన కప్పు పలచగా ఉంటే అంచులు తెలుస్తాయి. ఛాతీ కండరం కింద పెడితే కప్పు బాగుంటుంది. కానీ కండరాన్ని కింద కొంత విడదీయాలి. చేతులు బిగించినప్పుడల్లా ఇంప్లాంటు కదిలినట్టు కనపడవచ్చు. ఈ రెంటికీ మధ్యగా, పైభాగం కండరం కింద, కిందిభాగం గ్రంథి కింద ఉండేలా పెట్టే పద్ధతిని డాలస్‌కి చెందిన జాన్ టెబెట్స్ 2001లో వివరంగా రాశారు. రొమ్ము పైభాగాన్ని వేళ్ళతో పట్టి చూసినప్పుడు మందం రెండు సెంటీమీటర్లు కూడా లేకపోతే కండరం కప్పు కావాలి అన్నది ఆయన లెక్క. అంటే మనకి ఎంత కావాలన్నది తరవాతి మాట. మన చర్మం, మన కొవ్వు ఎంత మొయ్యగలవు అన్నది ముందు మాట. మోయలేనంత పెద్దది పెడితే ఉన్న గ్రంథి నొక్కుకుపోయి పలచబడుతుంది. ఆ పలచబడింది మళ్ళీ రాదు.

ఈ మధ్య కణజాలాన్ని కాపాడే పద్ధతి అన్న మాట ఎక్కువగా వినపడుతోంది. కోత చిన్నగా పెట్టి, పొరల్ని కత్తితో విడదీసే బదులు బెలూనులాంటి పరికరంతో మెల్లగా జరిపి, బంధనాలనీ నరాలనీ వీలైనంత వదిలేసి, చిన్న ఇంప్లాంటు పెట్టడం. ఆలోచన మంచిదే. కానీ పదేళ్ళ, పదిహేనేళ్ళ ఫలితాలు రావడానికి అన్నేళ్ళూ పడుతుంది కదా. కొత్త సాఫ్ట్‌వేరు మొదటి వెర్షన్ గురించి మనం ఏమనుకుంటామో అదే ఇక్కడా అనుకోవాలి.

ఇంప్లాంటు లోపలికి వెళ్ళాక ఒళ్ళు దాని చుట్టూ ఒక పొర కట్టుకుంటుంది. అది మామూలే. కొందరిలో ఆ పొర బిగుసుకుపోయి రొమ్ము గట్టిపడి నొప్పి పెడుతుంది. ఇంప్లాంటు చిరగవచ్చు. ఇవి జీవితాంతం ఉండే వస్తువులు కావని ఎఫ్‌డీఏ స్పష్టంగా చెబుతుంది. ఇరవై అయిదేళ్ళకి పెట్టించుకుంటే జీవితంలో ఇంకో ఆపరేషన్ ఉంటుందని లెక్క వేసుకోవాలి.

ఎఫ్‌డీఏ కథ కూడా చిన్నది కాదు. 1992లో సిలికోన్ జెల్ ఇంప్లాంట్లని పరిశోధనలకీ, కాన్సర్ లాంటి వాటి తరవాత రొమ్ము పునర్నిర్మాణానికీ తప్ప వాడకూడదన్నారు. దావాలు వేలల్లో పడ్డాయి. 1995లో డౌ కార్నింగ్ కంపెనీ దివాలా రక్షణ కోరింది. 1999లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నివేదిక, ఒళ్ళంతా వచ్చే రోగాలకి ఇవి కారణమనడానికి ఆధారాలు లేవనీ, అసలు సమస్య గట్టిపడడం, చిరగడం, మళ్ళీ మళ్ళీ ఆపరేషన్లు అనీ తేల్చింది. 2006లో 22 ఏళ్ళు దాటినవాళ్ళకి సిలికోన్ మళ్ళీ అనుమతించారు. ఉప్పునీటి రకం 18 దాటితే పెట్టవచ్చు. 2011లో ఇంప్లాంటు చుట్టూ పొరలో వచ్చే ఒక అరుదైన లింఫోమా గురించి హెచ్చరించారు.

నేను సర్జన్ల చుట్టూ తిరుగుతున్న రోజుల్లోనే, 2019 జులైలో, ఆ లింఫోమా కారణంగా ఆలర్గాన్ కంపెనీ గరుకు ఉపరితలం ఉన్న బయోసెల్ ఇంప్లాంట్లని వెనక్కి పిలిచారు. ఆఫీసులో మీటింగు మధ్యలో ఫోనులో ఆ వార్త చూశాను. స్క్రీన్ మీద ఎవరిదో ప్రాజెక్టు ప్లాను నడుస్తోంది. నాకు ఒక్క ముక్క చెవికెక్కలేదు. 2021లో ఎఫ్‌డీఏ అన్ని ఇంప్లాంట్లకీ నల్లడబ్బా హెచ్చరిక పెట్టించింది. ఆపరేషన్‌కి ముందు డాక్టరు పేషెంటుతో ఒక చెక్‌లిస్టు చదివించి సంతకం తీసుకోవాలంది. ఆ చెక్‌లిస్టు మీ ముందు పెట్టినప్పుడు, విమానంలో భద్రతా సూచనలు విన్నట్టు వినకండి.

నా విషయంలో సర్జను ఇంప్లాంటు వద్దన్నారు. కాలిన చర్మం పలచన, బిగుసు, రక్తప్రసరణ తక్కువ. దాని కింద బరువు పెడితే ఒరుసుకుని బయటికి వచ్చే ప్రమాదం ఉంది. 2019 అక్టోబరులో మచ్చని కోసి విడదీశారు. అంతే, లోపల నొక్కుకుని ఉన్నది తనంతట తానే ముందుకి వచ్చింది. ఖాళీ పడిన చోట తొడ మీద నుంచి చర్మం తీసి అతికారు. కట్టు విప్పిన రోజు అద్దంలో చూసుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. అది నాదే. ముప్పై ఏళ్ళ వయసులో మొదటిసారి చూస్తున్నాను.

ఇంకా ఎడమవైపు అంత లేదు. అప్పుడు చెర్నీ గారి దారికి వచ్చాం. పొట్ట దగ్గర కొవ్వుని సన్నని గొట్టంతో తీసి, శుభ్రపరిచి, దారపు పోగుల్లా కొంచెం కొంచెంగా రొమ్ములో పరుస్తారు. ఎందుకు కొంచెం కొంచెం? ప్రతి కొవ్వు కణానికీ చుట్టుపక్కల బతికున్న కండ నుంచి రక్తం అందాలి. ఒకేచోట ముద్దగా పెడితే మధ్యది చచ్చి గడ్డకడుతుంది. ఆ గడ్డలు మామోగ్రాములో కంగారు పెడతాయని భయపడి 1987లో అమెరికా ప్లాస్టిక్ సర్జన్ల సంఘం ఈ పద్ధతినే వద్దంది. పద్ధతులు మెరుగయ్యాక 2009లో జాగ్రత్తలతో చేయవచ్చంది. పెట్టిన కొవ్వులో కొంత ఒళ్ళు పీల్చేసుకుంటుంది. అందుకే నాకు రెండు విడతలు పట్టింది. మధ్యలో కోవిడ్ వచ్చి రెండో విడత 2021 దాకా ఆగింది. మచ్చ కూడా మెత్తబడింది. ఇప్పటికీ కుడివైపు కొంచెం చిన్నదే. చనుమొన సరిగ్గా లేదు. అక్కడ స్పర్శ సగమే. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను, ఎందుకంటే బాగైనవే చెప్పి మిగిలినవి దాచే మాటలు నేను చాలా విన్నాను.

డబ్బు సంగతి. అందం కోసం చేయించుకునే ఆపరేషన్‌కి ఇన్సూరెన్సు ఇవ్వదు. కాన్సర్ వల్ల రొమ్ము తీసేసిన వాళ్ళకి మాత్రం 1998లో వచ్చిన ఫెడరల్ చట్టం రక్ష. ఆ ఆపరేషన్‌కి డబ్బిచ్చే ప్లాను పునర్నిర్మాణానికీ, రెండోవైపు సమానం చెయ్యడానికీ కూడా ఇవ్వాలి. మనవాళ్ళలో చాలామందికి ఇది తెలియదు, దయచేసి నలుగురికీ చెప్పండి. కాలిన మచ్చ ఆ చట్టంలోకి రాదు. నా ప్లాను మొదట కాదంది. ఫొటోలు, చెయ్యి ఎంతవరకు లేస్తుందో కొలతలు, సర్జను ఉత్తరం పెట్టి అప్పీలు చేశాను. మచ్చ విడదీయడానికి ఇచ్చారు, కొవ్వుకి ఇవ్వలేదు. మొదటి కాదు దగ్గర ఆగిపోకండి.

ఇక అమ్మ. మొదటి ఆపరేషన్‌కి అమ్మ ఇండియా నుంచి వచ్చింది. కట్టు మార్చేటప్పుడు నేను వద్దన్నా పక్కనే నిలబడింది. నర్సు వెళ్ళాక, గుంటూరు డాక్టరు గారు వదిలేసిన చోటు గురించి చెప్పాను. ఆయన సగంలో వదల్లేదమ్మా, కావాలనే ఉంచారు, ఇవాళ నువ్వు చూసినదంతా ఆ రూపాయి బిళ్ళలోంచి వచ్చిందే అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "నేను ఆ రోజు ఆయన్ని తిట్టుకున్నానే. ఎన్నాళ్ళకీ మానడం లేదని" అంది. ఇంకాసేపటికి, "గంజి గిన్నె నేనే అక్కడ పెట్టాను" అంది. పాతికేళ్ళ తరవాత ఆ మాట బయటికి వచ్చింది. "లాగింది నేను కదమ్మా" అన్నాను. ఇద్దరం ఏడ్చాం. తరవాత ఆకలేసి పెరుగన్నం తిన్నాం.

అందుకే ఈ మాట రేడియోలో అనాలనుకున్నాను. మన ఇళ్ళలో రొమ్ము అన్న మాట అనరు కాబట్టి నేను పదిహేనేళ్ళు గుడ్డ మడతలు పెట్టుకు తిరిగాను. అనరు కాబట్టే గడ్డ తగిలినా నెలల తరబడి చెప్పనివాళ్ళున్నారు. ఎవరైనా ఇంప్లాంటు పెట్టించుకుంటే "సోకు" అని నవ్వుతారు. ఎవరి ఒంట్లో ఏ కథ ఉందో మనకేం తెలుసు? నవ్వే బదులు, పక్కన కూర్చుని నాలుగు ప్రశ్నలు రాసుకోవడానికి సాయం చేయండి.

ఆ ప్రశ్నలు ఇవి. కోత ఎక్కడ? ఏ పొర కింద? ఏ నరం, ఏ నాళం దారిలో ఉంది? పాలివ్వగలనా? పదేళ్ళ తరవాత ఏం చెయ్యాలి? సిలికోన్ అయితే అయిదారేళ్ళకి మొదటి అల్ట్రాసౌండో ఎమ్మారైయో, ఆ తరవాత రెండు మూడేళ్ళకోసారి అని ఎఫ్‌డీఏ సూచన, దాని ఖర్చు ఎవరిది? మీరు ఏ బోర్డు సర్టిఫికెట్ ఉన్న సర్జను? చివరగా, ఏమీ చేయించుకోకపోతే ఏమవుతుంది? ఈ చివరి ప్రశ్నకి ఓపిగ్గా జవాబు చెప్పే సర్జన్ని నేను నమ్ముతాను.

పసిపిల్లలున్న ఇళ్ళకి ఇంకో మాట. టీ కప్పు, పప్పు గిన్నె, ఇన్‌స్టంట్ పాట్ వైరు, అన్నీ కౌంటరు అంచుకి దూరంగా ఉంచండి. ఖర్మ కాలి ఒలికితే సిరా వద్దు, పేస్టు వద్దు, ఐసు వద్దు. చల్లని కుళాయి నీళ్ళు ధారగా ఇరవై నిమిషాలు. అంటుకోని బట్ట తీసెయ్యండి, అంటుకున్నది లాగకండి. శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి వెళ్ళండి. కాలినది ఆడపిల్ల ఛాతీ అయితే, రొమ్ము మొగ్గ గురించి ఏం చేస్తున్నారని డాక్టర్ని అడగండి. ఆ ప్రశ్న అడగడానికి సిగ్గుపడకండి.

మా పాపకి ఇప్పుడు ఏడేళ్ళు దాటాయి. మొన్న నా మచ్చ చూసి, "అమ్మా, ఇది ఏంటి?" అంది. గంజి కథ చెప్పాను. డాక్టరు గారి కథ చెప్పాను. అంతా విని, "ఆయన పేరేంటి?" అని అడిగింది. తెలియదన్నాను. "థాంక్స్ ఎలా చెప్తావు మరి?" అంది.

ఇలా చెబుతున్నాను. ఆయన ఎక్కడున్నా, నమస్కారం.